కాల్పుల లెక్క ఎవరు చెప్పవలెను?
హోంశాఖ వారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర హోంశాఖ వారికిని, రాష్ట్ర పోలీసు డైరెక్టర్ జనరల్ గారికిని, శ్రీకాకుళ, విజయనగర, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లకును, పోలీసు సూపరింటెండెంట్లకును,

మహాశయులారా,

సోంపేట అనియు, కాకరాపల్లి అనియు ఎవరైన పేరెత్తినంతనే, అది ఎప్పుడో ముగిసిపోయిన వ్యవహారమనియు, చనిపోయినవారి కుటుంబములను ఆదుకొనుట జరిగినదనియు, ఊరివారిపై పెట్టిన కేసులు ఎత్తివేయుదుమని పెద్దలు సభలలో మాట ఇచ్చియున్నారనియు, అక్కడ తలపెట్టిన థర్మల్ కేంద్రములు సైతము సాగలేదు గనుక మానిన గాయమును మరల కెలుకుట ఎందులకనియు అధికారవర్గములయందు వినవచ్చు ధోరణి ఒకటి కలదు. ఆ ధోరణిని మేము అంగీకరింపజాలము. పరిహారము ఖజానానుండి వచ్చును, అనగా మేము కట్టిన పన్నులనుండియే వచ్చును. కేసులు ఎత్తివేయుట యనగా తూటాలకు ఎదురుగా నిలిచినవారిని క్షమించుట. ఈ రెండింటిలో దేనియందును కాల్చినవారి ప్రసక్తి లేదు. తుపాకి పేల్చుమని ఆజ్ఞాపించినవారెవరు, ఆ క్షణమున ఆ ఆజ్ఞకు కలిగిన అగత్యమేమి, అంతకుముందు చేయవలసిన ప్రయత్నములన్నియు చేసిరా లేదా అను మూడు ప్రశ్నలకు మీ శాఖ ప్రజల ముఖము చూచి చెప్పిన సమాధానమేది?

2010వ సంవత్సరము జూలై 14వ తేదీని మీరు మరచియుండవచ్చును, సోంపేట మరువలేదు. కొండలమీద కురిసిన వాన సముద్రమునకు పోవుచు నిలిచి విస్తరించు పల్లపు నేలకు అక్కడివారు బీల యని పేరు పెట్టుకొన్నారు. అందు వరి పండును, చేపలు దొరకును, పశువులు మేయును, చుట్టుపట్ల ఊళ్ల బావులలో వేసవినాడు సైతము తడి ఆరకుండుటకు అదియే ఆధారము. అట్టి బీలను కాగితములపై ఎందుకును కొరగాని భూమిగా చూపి, నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ వారి థర్మల్ కేంద్రమునకు కేటాయింపగా, రైతులును, మత్స్యకారులును అర్జీలు పెట్టుకొనిరి, రిలే నిరాహారదీక్షలు పూనిరి, పర్యావరణ అనుమతిని ప్రశ్నించుచు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఎదుట తమ వాదము వినిపించుకొనిరి. పౌరుడు చేయవలసినదిగా రాజ్యాంగము చెప్పినదంతయు వారు చేసిరి. ఆ అప్పీలు తేలకమునుపే, పనులు ఆరంభించుటకు వచ్చిన కంపెనీకి మీ బలగములు బందోబస్తుగా వచ్చినవి. ఆ దినమున పోలీసుల వరుసలలో కంపెనీ తెచ్చిన ప్రైవేటు మనుషులు కూడ కర్రలతో కలిసియుండిరని ఊరివారు మొదటినుండియు ఆరోపించుచున్నారు. కాల్పులలో ఇద్దరు రైతుబిడ్డలు నేలకొరగిరి. ఆ వెనువెంటనే అప్పీలు ప్రాధికార సంస్థ ఆ పర్యావరణ అనుమతిని రద్దు చేసినది.

ఆ క్రమమును మరల ఒకసారి చదువుకొనుడు. ఏ భూమి విషయమున ప్రజల మాట అబద్ధమని మీరు బలగములను దింపితిరో, ఆ భూమి విషయమున ప్రజల మాటయే నిజమని విచారించినవారు తేల్చిరి. కొలది దినములు ఓపిక పట్టినచో ఆ ఇద్దరును నేడు తమ పొలములలో ఉండెడివారు. న్యాయము విచారణలో ఉండగా పని మొదలుపెట్టించవలెనన్న ఆ తొందర ఎవరిది? కంపెనీదా? కలెక్టరేటుదా? రాజధానినుండి ఫోనుమీద వచ్చినదా? బందోబస్తు కోరుచు వచ్చిన లేఖ ఒకటి ఉండియే ఉండును, దానిపై సంతకము ఒకటి ఉండియే ఉండును. దానిని బయటపెట్టుటకు మీకు గల అభ్యంతరమేమి?

ఏడున్నర నెలలు తిరుగకుండగనే, 2011 ఫిబ్రవరి 28వ తేదీన, సంతబొమ్మాళి మండలమందలి కాకరాపల్లి తంపర వద్ద అదే కథ పునరావృతమైనది. ఈమారు ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ వారి 2,640 మెగావాట్ల కేంద్రము. నౌపడ ఉప్పుమళ్లకును, ఏటేట విదేశీ కొంగలును, గూడబాతులును వచ్చి గుడ్లు పొదుగుకొను తేలినీలాపురమునకును చేరువనున్న చిత్తడినేల అది. మరల ఇద్దరు మరణించిరి. వడ్డితాండ్రలో ఇండ్లు కాలిపోయినవి. అవి ఎట్లు కాలెనన్న విషయమున ఊరివారు చెప్పినది వేరు, పోలీసులు చెప్పినది వేరు. కాల్పుల అనంతరము కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అక్కడి పనులు నిలిపివేయుమని ఆదేశించినది. ఇక్కడను ముందు తూటా, తరువాత ఆలోచన. సోంపేటలో జరిగిన దానినుండి మీ శాఖ ఒక్క పాఠమైన నేర్చుకొనియుండినచో, అదే జిల్లాలో, అదే విధమైన నేలపై, అదే విధమైన జనముపై, మరుసటి పంటకాలము రాకమునుపే మరల తుపాకులెత్తవలసిన దుర్గతి పట్టెడిదా?

ఈ తీరమునకు పోలీసు తూటా కొత్తది కాదు. 1940 ఏప్రిల్ 1వ తేదీన మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున, అడవికట్టెల విషయమై పట్టుబడిన రైతులను విడిపించుకొనుటకు పోలీసులకు అడ్డునిలిచిన సాసుమాన గున్నమ్మ, మరికొందరు రైతులతోపాటు కాల్పులలో మరణించినది. ఆ వసంతముననే పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగినది. ఆనాటి పోలీసులు పరప్రభుత్వపు పోలీసులు, వారు జమీందారుకు జవాబుదారులే కాని జనమునకు కారు. అందుచేత గున్నమ్మను చంపిన తుపాకిని గూర్చి ఏ విచారణ జరిగినదని మేము అడుగబోము. అటుపిమ్మట 1967 అక్టోబరు 31వ తేదీన మొండెంఖల్లులో గిరిజన సంఘ సభకు పోవుచున్న ఇద్దరు గిరిజనులు లేవిడి వద్ద భూస్వాముల తుపాకులకు బలియైరి, నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడిరి. ఆ తీర్పు వెలువడిన పిదప ఏజెన్సీ కొండలలో ఏమి రగిలెనో మీ శాఖ పాత దస్త్రములకంటె బాగుగ తెలిసినవారు మరి లేరు. 1969 మే 27వ తేదీన, అక్కడ రగిలిన సాయుధోద్యమపు నాయకుడు పంచాది కృష్ణమూర్తి, ఆయన సహచరులు ఎదురుకాల్పులలో చనిపోయిరని పోలీసులు ప్రకటింపగా, పట్టుకొనిపోయి కాల్చిరని ఉద్యమమువారు చెప్పిరి. 1970 జూలైలో వెంపటాపు సత్యము, ఆదిభట్ల కైలాసము బోరి కొండలలో మరణించినప్పుడును ఇట్టి రెండు కథనములే వినిపించినవి. వారి మార్గము సరియైనదా కాదా అనునది వేరు చర్చ, ఈ లేఖవ్రాయువానికి ఆ మార్గమునందు విశ్వాసము లేదు. అయినను, రెండు కథనములలో ఏది నిజమో తేల్చవలసిన విచారణ బహిరంగముగ జరుగకపోవుట వలన, అర్ధశతాబ్దము గడిచినను ఆ ఉద్యమము నడిచిన బొడ్డపాడు వంటి ఊళ్లలో ప్రభుత్వపు కథనమును నమ్మువాడు కనబడడు. ఆ నమ్మకము పోగొట్టుకొన్నది ఎవరు?

కాల్పులు ఎట్లు జరుపవలెనో మీకు మేము నేర్పనక్కరలేదు. చట్టవిరుద్ధముగ గుమిగూడిన జనమును చెదరగొట్టు అధికారము ఒకనాడు క్రిమినల్ ప్రొసీజరు కోడు 129వ సెక్షనునందును, 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షనునందును వ్రాయబడియున్నది. ముందుగా చెదరిపొండని ఆజ్ఞ ఇయ్యవలెను. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుగాని, స్టేషను అధికారిగాని, ఆయన లేనిచోట కనీసము సబిన్‌స్పెక్టరు హోదాగల అధికారిగాని ఆ ఆజ్ఞ ఇయ్యవచ్చును. వినబడునట్లు హెచ్చరిక, బాష్పవాయువు, లాఠీ, ఇవన్నియు విఫలమై ప్రాణాపాయము కన్నెదుట నిలిచినప్పుడే తుపాకి, అదియును అతి స్వల్పముగ, క్రిందికి గురిపెట్టి, జనము వెనుదిరిగిన క్షణముననే ఆపివేయవలెను. 1990లో హవానాలో సమావేశమైన ఐక్యరాజ్యసమితి నేరనిరోధ మహాసభ ఆమోదించిన సూత్రముల సారమును ఇదియే. ఇందులో ఏ మెట్టును దాటవేసితిమని సోంపేట విషయమున మీరెన్నడును ఒప్పుకొనలేదు, ఏ మెట్టును దాటలేదని ఆధారములతో నిరూపింపను లేదు.

ఇంకొక్క చిన్న సంగతి. జిల్లా ఆర్ముడు రిజర్వులో ఒక కానిస్టేబులు బందోబస్తుకు బయలుదేరునప్పుడు తుపాకి నంబరు, దానితో ఇచ్చిన రౌండ్ల సంఖ్య రిజిస్టరులో వ్రాసి సంతకము పెట్టించుకొందురు. తిరిగి వచ్చినప్పుడు మిగిలిన రౌండ్లు లెక్కించి అప్పజెప్పవలెను, పేలిన వాటికి ఖాళీ తూటా తొడుగులు చూపవలెను. ఒక్క రౌండు తగ్గినను ఆ కానిస్టేబులు సంజాయిషీ ఇచ్చుకొనక తప్పదు. కాబట్టి ఆ రెండు దినములలో ఏ నంబరు తుపాకినుండి ఎన్ని రౌండ్లు పేలెనో, ఎవరి చేతినుండి పేలెనో మీ రిజిస్టరులలో ఎక్కియే యుండవలెను. పోస్టుమార్టము చేసిన వైద్యుడు గాయము దేహమునకు ముందువైపుననో వెనుకవైపుననో, నడుమునకు పైననో క్రిందనో వ్రాసియే యుండవలెను. మనుష్యుని ప్రాణము పోయిన విషయమున సత్యము తెలియుట కష్టమని మాకు చెప్పకుడు. ఈ విషయమున సత్యము మీ బీరువాలలో వరుసగ అమర్చి, నంబరు వేసి, తాళము పెట్టి ఉన్నది.

పోలీసుల పక్షమున చెప్పవలసినది లేదని మేమనము. రాళ్లవానలో నిలిచిన కానిస్టేబులు ఎవడు? ఉద్దానమునుండియో, చీపురుపల్లి ప్రాంతమునుండియో, గజపతినగరము పల్లెలనుండియో, తండ్రి కూలికి పోగా దీపపు వెలుతురున చదువుకొని సెలక్షనులో పరుగెత్తి ఉద్యోగము సంపాదించుకొన్న కుర్రవాడు. ఎదుటనున్న జనములో తన మేనమామ యుండునేమో అని భయపడువాడును అతడే. ఆజ్ఞ ఇచ్చినవాని పేరు దాచిపెట్టినంతకాలము నింద అంతయు ఆ కుర్రవాని యూనిఫారమునకే అంటుకొని యుండును. విచారణ జరిగి, ఆజ్ఞ ఇచ్చినవాడు చట్టము ప్రకారమే ఇచ్చెనని తేలినచో అతనికిని మర్యాదయే, ఆ కానిస్టేబులునకును మర్యాదయే. నిజముగ ఆత్మరక్షణార్థమే కాల్చినవారికి న్యాయస్థానమన్న భయమెందులకు?

ఈ ప్రశ్న మేము కనిపెట్టినది కాదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము ఫిర్యాదులపై విచారణ జరిపిన జాతీయ మానవహక్కుల కమిషను, 1997 మార్చి 29వ తేదీన దేశములోని ముఖ్యమంత్రులందరికిని మార్గదర్శకములు పంపినది, అనగా పోలీసు కాల్పులలో మరణములపై ఈ దేశమున మొదటి నియమావళి మన రాష్ట్రపు దుఃఖమునుండియే పుట్టినది. 2009 ఫిబ్రవరి 6వ తేదీన మన హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఇంకను ఒక అడుగు ముందుకు వేసి, పోలీసు చేతిలో మనిషి మరణించిన ప్రతి సందర్భమునను కేసు నమోదు చేయవలసినదే, ఆత్మరక్షణమన్న మాట దర్యాప్తు అధికారి తేల్చునది కాదు, విచారణలో నిరూపించుకొనవలసినది అని తీర్పు చెప్పినది. దానిపై స్టే తెచ్చుకొనుటకు సుప్రీంకోర్టు గడప తొక్కినవారెవరు? మన పోలీసు అధికారుల సంఘమువారే. చట్టమును కాపాడవలసినవారు చట్టముముందు నిలుచుటకు జంకి ఢిల్లీకి పరుగెత్తుట ఈ రాష్ట్ర చరిత్రలో చిన్న విషయమా?

సరే, ఆ తీర్పు మాట అటుంచుదము. 2014 సెప్టెంబరు 23వ తేదీన సుప్రీంకోర్టు స్వయముగ, పోలీసు కాల్పులలో ఎవరు మరణించినను మేజిస్ట్రేటు విచారణ తప్పక జరుగవలెననియు, ఎన్‌కౌంటరు మరణములలో సి.ఐ.డి.గాని మరియొక స్టేషను వారుగాని దర్యాప్తు చేయవలెననియు, సందేహాతీతముగ శౌర్యము నిరూపితమగు వరకు పాల్గొన్నవారికి పతకములు, వరుస తప్పించి పదోన్నతులు ఇయ్యరాదనియు ఆదేశించినది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో జిల్లాకొక పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థ ఉండవలెనని చెప్పినది. శ్రీకాకుళములో ఆ సంస్థ ఏ వీధిలో కూర్చుండునో, ఏ దినమున అర్జీలు స్వీకరించునో సోంపేట రైతునకు ఎవరైన చెప్పిరా? ఇంగ్లాండులో పోలీసు చేతిలో మనిషి మరణించినచో, దర్యాప్తు అదే పోలీసులకు అప్పగింపక, దానికై ఏర్పరచిన స్వతంత్ర సంస్థకు అప్పగింతురు. పులి చంపిన లేడికి పంచనామా పులియే వ్రాసుకొను పద్ధతి మన రాష్ట్రమున ఇంకెన్నాళ్లు?

జనమును గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. 2019 డిసెంబరు 6వ తేదీన చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులను కాల్చినప్పుడు పోలీసులపై పూలు చల్లినవారు మన తెలుగువారే. మూడేండ్లు తిరుగకమునుపే ఆ కాల్పులపై విచారించిన సిర్పూర్కర్ కమిషను పోలీసుల కథనమును నమ్మదగినది కాదని తేల్చి, పదిమంది పోలీసులపై హత్యానేరము క్రింద విచారణ జరుపవలెనని సిఫారసు చేసినది. పూలు చల్లినవారిని మీరు మీ పక్షమున సాక్ష్యముగ చూపుకొందురేమో. చటాన్‌పల్లిలో చప్పట్లు కొట్టించుకొన్న తుపాకియే అంతకుముందు కాకరాపల్లిలో రైతుపై ఎక్కుపెట్టబడినదని ఆ చప్పట్లు కొట్టినవారికి ఎవరు చెప్పవలెను?

కాల్పులు జరిపినవారిని విచారించుటలో ఇంత నెమ్మది చూపిన మీ యంత్రాంగము, కాల్పులకు గురియైన ఊళ్లపై కేసులు పెట్టుటలో మాత్రము ఏమాత్రమును ఆలస్యము చేయలేదు. వందలమంది స్త్రీపురుషులు నిందితులైరి. నాట్లు వేయవలసిన దినమున వాయిదా, వలలు ఎత్తవలసిన దినమున వాయిదా. బస్సు ఖర్చులు పెట్టుకొని కోర్టు ఆవరణలో చెట్టుక్రింద కూర్చుండి, బంట్రోతు పేరు పిలిచినప్పుడు 'ఉన్నాను బాబూ' అని లేచి నిలుచుట, మరల తేదీ వేయించుకొని ఇంటికి పోవుట, ఇది వారి పాలి శిక్ష. తీర్పు లేకుండ పడిన శిక్ష. కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన అధికారి ఒక్కడైనను అట్లు నిందితుని స్థానమున నిలిచి పేరు పిలిపించుకొన్నట్లు మేమెన్నడును వినలేదు. కారణము మీకు తెలియును. జనమును చెదరగొట్టుటకై జరిపిన చర్యపై ప్రభుత్వ అనుమతి లేనిదే ఏ అధికారిపైనను ప్రాసిక్యూషను నడువదు. పాత కోడులో 132వ సెక్షను, కొత్త సంహితలో 151వ సెక్షను ఆ రక్షణ కల్పించుచున్నవి. ఆ అనుమతి ఇయ్యవలసినది ప్రభుత్వము, అనగా మీరు. న్యాయస్థానము చేయలేదు, చట్టము చాలలేదు అని మా ఎదుట చెప్పుటకు మీకు వీలులేదు.

ఇప్పుడే ఈ మాటలు వ్రాయవలసిన అవసరమేమి వచ్చినదందురా? సరుబుజ్జిలి, బూర్జ మండలములలో మరల ఒక థర్మల్ కేంద్రపు ప్రతిపాదన వచ్చినది, గిరిజనులును రైతులును వద్దనుచున్నారు. మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతమున విమానాశ్రయమునకు భూములు కావలెననుచున్నారు, జీడితోటలు, కొబ్బరితోటలు నమ్ముకొన్న ఊళ్లు ఒప్పుకొనకున్నవి. అభివృద్ధి కావలెనా వద్దా అను చర్చ ఈ లేఖలో తేలునది కాదు, దానికి గ్రామసభలున్నవి. కాని సర్వే రాళ్లు పాతుటకు రెవిన్యూ ఉద్యోగులు, వారి వెనుక మీ వ్యానులు ఆ ఊళ్లకు పోవుదినము వచ్చును. ఆనాడు ఎదురువచ్చు స్త్రీ గుడారి రాజమణిపురము గున్నమ్మను గూర్చి చిన్ననాటినుండి వినియున్నదే, ఆమె ప్రక్కన నిలిచినవాడు సోంపేటలో 2010 జూలైలో పరుగెత్తినవాడే కావచ్చును. వారు మీ వ్యానును చూచి ఏమనుకొనవలెను?

కనుక మేము కోరునది ఇది. ఆ రెండు కాల్పులపై ఏయే విచారణలు జరిగెనో, ఏయే నివేదికలు అందెనో తెలుగులో ముద్రించి, సోంపేట, సంతబొమ్మాళి మండల కార్యాలయములలో ఎవరడిగినను చదువుకొనుటకు వీలుగ ఉంచుడు. బందోబస్తు కోరినవారి పేరు, కాల్పులకు ఆజ్ఞ ఇచ్చినవారి హోదా, పేలిన రౌండ్ల లెక్క అందులో ఉండవలెను. ఇకమీదట ఏ ప్రాజెక్టు విషయముననైనను, అప్పీలుగాని కేసుగాని తేలకుండగా పనుల ప్రారంభమునకు సాయుధ బలగమును పంపము, కంపెనీ మనుషులను పోలీసు వరుసకు నూరు గజముల దరికి రానీయము అని లిఖితపూర్వకముగ ఉత్తర్వు చేయుడు. అటుపిమ్మట ఆ అధికారులపై ప్రాసిక్యూషనుకు అనుమతి విషయము తేల్చుడు. ఇయ్యదలచినచో ఇండు. ఇయ్యదలచనిచో, ఎందుచేత ఇయ్యదలచలేదో కారణములు వ్రాసి, క్రింద ఒక అధికారి తన పేరు, హోదా, తేదీ వేసి సంతకము చేసి, ఆ కాగితపు ప్రతిని మరణించినవారి ఇండ్లకు పంపుడు.

ఇట్లు,
శ్రీకాకుళము జిల్లా పౌరుడొకడు